పవర్ బటన్ నొక్కిన దొర

ఏజెంట్ డేగ ఫోనుకి వచ్చిన మెసేజ్ ఒక్కటే ముక్క: "మీ అన్నని పడుకోబెట్టాం."

తోడబుట్టినవాడి శవం మర్నాడు రైల్వే యార్డులో దొరికింది. డేగ ఏడవలేదు. ఆ మెసేజ్ చెరపనూ లేదు.

అంత్యక్రియలు కాగానే చీఫ్ పిలిచాడు. మెసేజ్ పంపిన విదేశీ ముఠా నాయకుణ్ని అందరూ దొర అంటారు. శుక్రవారం వాడు ఒక రైల్లో బాంబు పెట్టిస్తున్నాడు. అది ఏ రైలన్నది వాడి లినక్స్ డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోనే ఉంది. పోలీసుల అలికిడైతే వాడు పవర్ బటన్ నొక్కేస్తాడు. కంప్యూటర్ ఆఫైతే డిస్కు తాళం మెమరీలోంచి చెరిగిపోతుంది, ఇక దాన్ని తెరవడం బ్రహ్మతరం కూడా కాదు.

"ప్రాణాలతో పట్టుకురా," అన్నాడు చీఫ్.

"కంప్యూటర్నా, దొరనా?"

"రెండిటినీ. నీ ముఖం చూస్తుంటే రెండోదాని మీదే బెంగగా ఉంది."

డేగ కంప్యూటర్ మెకానిక్ వేషం కట్టాడు. తలుపు తీసింది దొర సెక్రటరీ. ఎర్ర లిప్‌స్టిక్, ఎత్తుమడమల చెప్పులు. జీతం దొర దగ్గర, విశ్వాసం చీఫ్ దగ్గర. కంప్యూటర్ ఫ్యాన్‌లో గుడ్డపీలిక కుక్కి మెకానిక్‌ని పిలిపించింది ఆవిడే.

"ఫ్యాన్ మూలుగుతోందా?" అన్నాడు డేగ.

"మూలిగితే దుమ్ము, మూలగకపోతే దయ్యం."

కోడ్ సరిపోయింది.

అప్‌డేట్ చెయ్యాలని డేగ అంటే, దొరే పాస్‌వర్డ్ కొట్టాడు. ఫైళ్ల జోలికెళ్తే వేళ్లుండవన్నాడు. డేగ ఫైళ్లు ముట్టుకోలేదు. సెక్రటరీ దొరని మాటల్లో పెట్టగానే సెట్టింగుల్లో చెయ్యి పెట్టాడు. పవర్ బటన్ నొక్కితే ఆఫ్ కాకూడదు, సస్పెండ్ కావాలి, అంటే మెమరీ చెరక్కుండా ఊరికే పడుకోవాలి. లేచాక పాస్‌వర్డ్ అడగకూడదు. ఆఫీసులో ఇలాంటి కంప్యూటరే సస్పెండైతే బాగానే పడుకుంది గానీ, లేచాక స్క్రీన్ నల్లగా ఉండిపోయి డేగ ప్రాణం తోడేసింది. స్క్రీన్‌ని నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని దారికి తెచ్చాకే వెలిగింది. ఆ మార్పు ఇక్కడా చేశాడు. రీస్టార్ట్ చేయించి, దొర చేతే మళ్లీ పాస్‌వర్డ్ కొట్టించాడు. పరీక్షించి చూసే వ్యవధి మాత్రం దొరకలేదు.

శుక్రవారం తలుపు బద్దలైంది. ముందు దూకింది డేగ. దొర అప్పటికే బటన్ నొక్కేశాడు. ఫ్యాన్ ఆగింది, స్క్రీన్ ఆరింది.

"పడుకోబెట్టేశా," అన్నాడు దొర తాపీగా.

ఆ మాట వినగానే డేగకి ఒళ్లు మండిపోయింది. పిస్టల్ దొర నుదుటికి ఆనించి, రెండో చేత్తో కీబోర్డు మీద ఒక మీట నొక్కాడు. స్క్రీన్ నల్లగానే ఉంది. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది. అప్పుడు ఫ్యాన్ కదిలింది. స్క్రీన్ వెలిగింది. తెరిచి ఉంచిన పేజీలో రైలు నంబరు, బోగీ నంబరు.

ఆ నంబర్లు అందుకున్న బాంబు స్క్వాడ్ వైరు తెంచేసరికి టైమర్‌లో ఒక్క సెకను మిగిలిందని కాసేపటికి ఫోనులో కబురొచ్చింది.

"నేను ఆపేశాను కదా," అని గొణిగాడు దొర.

"ఆపలేదు దొరా. నువ్వన్నట్టే పడుకోబెట్టావు. ఇది లేచింది. మా అన్న లేవలేదు."

పిస్టల్ జేబులో పెట్టుకుని, డేగ ఇన్నాళ్ల కసినీ ఒక్క పిడికిట్లోకి తెచ్చి గుద్దాడు. దొర దబ్బున పడ్డాడు.

చీఫ్ ఫోన్ చేసి, దొరని ఆఫ్ చేసేశావా ఏంటని కంగారుగా అడిగాడు.

"లేదు సార్," అన్నాడు డేగ పిడికిలి రుద్దుకుంటూ, "సస్పెండే."