గడియ బయటే ఉంది

పర్చూరు రోడ్డులో దొడ్లవారిపాలెం మలుపు దగ్గర ఒక పాత పొగాకు బ్యారను ఉంది, పచ్చాకుని పొయ్యి వేడికి ఆరబెట్టే కొట్టం. పైకప్పు రేకులు సగం ఎగిరిపోయాయి. గోడలు మాత్రం నల్లగా, రెండంతస్తుల ఎత్తున అట్టాగే నిలబడి ఉన్నాయి. పొద్దుగూకాక ఆ మలుపులో ఎవరూ ఆగరు. మిర్చి బస్తాల ట్రాక్టరుకి పంచరు పడినా సరే, ఊళ్లోదాకా ఈడ్చుకుంటూ పోతారే గానీ అక్కడ దిగరు. ఆగినవాళ్ల మొహానికి లోపల్నుంచి వేడి కొడుతుందట. ఆ పొయ్యిలో పుల్ల వెలిగించి ముప్పై ఏళ్లు దాటింది... అయినా వేడి.

హనోకు ఇట్టాంటివి నమ్మే మనిషి కాదు. ఇరవై నాలుగేళ్లవాడు, గుంటూరులో వైరింగ్ పనులు చేస్తాడు. ఫిబ్రవరిలో వాళ్ల చర్చి యువజనులు పదకొండు మంది వారం రోజుల సేవకని ఆ ఊరొచ్చారు. చర్చి హాల్లోనే బస. సోమవారం కాలవలు పూడిక తీశారు. మంగళవారం బడి గోడలకి సున్నం కొట్టారు. బుధవారం కంటి పరీక్షలు. వాళ్లని నడిపించేది సలోమి. ఆస్పత్రిలో నర్సు, మాట కరుకు, చెయ్యి చల్లన.

గురువారం సాయంత్రం సలోమి మిరప కల్లాల వైపు వెళ్లింది. కర్నూలు నుంచి కోతలకొచ్చిన కూలీలు ఎండబోసిన కాయల పక్కనే పట్టాలు కట్టుకుని ఉంటున్నారు. ముందురోజు రాత్రి అక్కడ ఒక పసిపిల్లని తేలు కుట్టింది. ఆ పిల్లని ఒళ్లో వేసుకుని సలోమి తల తిప్పి చూస్తే... ఎదురుగా బ్యారను.

"ఇంత గట్టి గోడలు పెట్టుకుని వీళ్లని మట్టిలో పడుకోబెట్టారా?" అంది. "రేపు అది శుభ్రం చేద్దాం. శనివారానికి వీళ్లు లోపల ఉండాలి."

పంచాయతీవాళ్లు సరేనన్నారు గానీ, ఊళ్లోంచి ఒక్కడూ చీపురు పట్టలేదు. వచ్చింది ఒక్క మస్తాన్‌బీ. డెబ్బై ఏళ్ల మనిషి. క్యాన్‌లో టీ పట్టుకొచ్చి బయటే నిలబడింది. గడప తొక్కలేదు.

తలుపుకి జానెడు ఇనప గడియ. తుప్పుతో బిగిసిపోయింది. హనోకు సుత్తితో పది దెబ్బలు కొడితే గానీ రాలేదు. లోపల గోడల వెంబడి, పొయ్యి వేడిని మోసుకొచ్చే రేకు గొట్టాలు ఇంకా ఉన్నాయి. చెత్త, పాము కుబుసాలు, పాత ఆకు దుమ్ము బయటికి మోసేసరికి మధ్యాహ్నమైంది.

"అవ్వా, ఊరంతా దీనికెందుకు భయపడుతున్నారు?" టీ తాగుతూ అడిగాడు హనోకు.

"మా తమ్ముడు దీంట్లోనే పోయాడు నాయనా. పీరు. పొయ్యి దగ్గర పని చేసేవాడు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఆకు దించుతూ ఒక కూలిపిల్ల పైనించి పడి చచ్చిపోయింది. ఆసామి దాన్ని కప్పిపెట్టాలని చూశాడు. నేను స్టేషన్లో చెప్తానన్నాడు మావాడు. మర్నాటికి వాడే శవం. తాగి లోపలికెళ్లి పడుకున్నాడు, తలుపు మూసుకుపోయింది అని రాసుకున్నారు."

"తాగేవాడా?"

"చుక్క ముట్టేవాడు కాదు. అయినా..." ఆమె వేలెత్తి తలుపు చూపించింది. "గడియ బయట ఉంది నాయనా. లోపలున్నవాడు ఎట్టా వేసుకుంటాడు? ఎవరో వేశారు. ఎవరో... నాకీరోజుకీ తెలియదు."

చీకటిపడే వేళకి ఒక బల్బు పాయింటు మిగిలింది. మిగతావాళ్లు ప్రార్థనకి బయల్దేరారు.

"తమ్ముడూ, రేపు చూసుకోవచ్చులే," అంది సలోమి.

"పావుగంట పనక్కా. పొద్దున్నే పిల్లలొస్తారుగా. మీరు పదండి."

స్టూలెక్కి, ఫోను లైటు నోట కరుచుకుని, హోల్డరు బిగించడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఫోను తీసి జేబులో నిలబెట్టుకున్నాడు. పని చేస్తూ కూనిరాగం తీయడం అతనికి అలవాటు. చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్న కీర్తన. తండ్రి పని చేసేటప్పుడు ఎప్పుడూ అదే పాడతాడు.

రెండో చరణంలో ఉండగా... వీపు మీద చెమట పట్టింది.

ఫిబ్రవరి రాత్రి. బయట చలిగాలి. లోపల మాత్రం ఎవరో పొయ్యి రాజేసినట్టు — అడుగునుంచి వేడి పైకి లేస్తోంది.

తలుపు మూసుకుంది. చప్పుడు పెద్దగా లేదు. తర్వాత బయట ఇనుము ఇనుము మీద జారిన శబ్దం... కిర్ర్... టక్.

"ఎవర్రా అది? ఏయ్! నేను లోపలున్నా!"

ఫోను లైటు ఆరిపోయింది.

అప్పుడు, చెవి పక్కనే, ఎండిపోయిన గొంతు —

"పాట ఆపు."

హనోకు స్టూలు మీదే వెనక్కి తిరిగాడు.

"పాట ఆపు... బర్నబాసూ... గడియ తియ్యరా..."

బర్నబాసు అతని తండ్రి పేరు. హనోకుకి తెలిసినంతలో ఆ ఊళ్లో ఆ పేరు ఎరిగినవాళ్లెవరూ లేరు. తనతో వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ఆ పేరు ఎత్తలేదు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఇనప చువ్వ దెబ్బ. స్టూలు మీంచి కిందపడ్డాడు. లేవబోతే రెండోది పక్కటెముకల్లో. లోపల ఏదో పుటుక్కుమంది. ఊపిరి అందలేదు. చేతులు అడ్డం పెడితే చేతుల మీద, తల దాచుకుంటే వీపు మీద... కొడుతున్నవాడు కనపడడు. గాలిలో చువ్వ లేచే చప్పుడు మాత్రం వినపడుతోంది. లేచిందంటే పడుతుందని తెలుసు, ఎక్కడ పడుతుందో తెలియదు.

జుట్టు పట్టుకుని ఈడ్చారు. నేల మీద మడమలు గీరుకుంటున్నాయి. ముంజేయి పట్టుకుని తుప్పు గొట్టానికి అదిమారు. మాంసం చుయ్యిమంది. ఆ వాసన అతనికే తగిలింది. అప్పుడు అరిచాడు... జన్మలో అరవనంతగా.

"నేను కాదు! నేను ఆయన కొడుకుని! కొడుకుని!"

పట్టు ఒక్క క్షణం ఆగింది.

వేళ్లు మొహాన్ని తడిమాయి. నుదురు, ముక్కు, గడ్డం. గరుకు వేళ్లు, చివర్లు చితికిపోయి తడిగా ఉన్నాయి. గోళ్లు లేవు.

"కొడుకు..." అంది గొంతు. "నాకూ పుట్టాల్సింది... ఆ నెల్లోనే..."

మళ్లీ చువ్వ లేచిన చప్పుడు. ఆ దెబ్బ తర్వాత హనోకుకి ఏమీ తెలియదు.

భోజనాలకి రాలేదని సలోమి ఇద్దరిని వెంటేసుకుని వచ్చింది. తలుపు గడియ పడి ఉంది. పొద్దున సుత్తితో కొట్టి తీసిన గడియ... ఇప్పుడు ముగ్గురు లాగినా కదల్లేదు. ఇటుకరాయితో బాది బాది తీశారు. లోపల చల్లగా ఉంది. నేల మీద హనోకు, మొహం నిండా నెత్తురు.

చీరాల ఆస్పత్రిలో కట్లు కట్టారు. రెండు పక్కటెముకలు, ఒక భుజం విరిగాయి. ముంజేతి మీద బెత్తెడు వెడల్పున బొబ్బ.

"కరెంటు తగిలిందామ్మా?" అని డాక్టరు అడిగాడు.

సలోమి తల అడ్డంగా ఊపింది. కరెంటుకి కాలిన గాయాలు ఆమె చాలానే చూసింది. ఇది కాలుతున్న గొట్టం మీద అదిమితే వచ్చే బొబ్బ. పైగా ఆ బ్యారనుకి ఇంకా లైనే ఇవ్వలేదు.

తెల్లవారుజామున హనోకు ఆమె ఫోను అడిగి తండ్రికి చేశాడు.

"నాన్నా... పీరు ఎవరు?"

అవతల ఊపిరి చప్పుడు. గడియారం టిక్కుటిక్కు.

"నాన్నా?"

"ఇంకా అరుస్తున్నాడా?" అన్నాడు బర్నబాసు.

మధ్యాహ్నానికి ఆయన చీరాల వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, సంఘంలో పెద్ద, ఒకరిని గట్టిగా ఒక మాట అనడు. కొడుకు మంచం పక్కన నిలబడి ఆ కట్లు చూశాడు. కూర్చోలేదు. కుర్రతనంలో ఒక్క సీజను మాత్రం ఆ బ్యారనులో పొయ్యి దగ్గర పని చేశానన్నాడు. ఆ రాత్రి పీరుని ఇద్దరు చువ్వలతో కొట్టి లోపల పడేశారు. గడియ వెయ్యమని తనకి చెప్పారన్నాడు.

"వేశావా?"

"వేశాను. పొద్దున్నే వదిలేస్తామన్నార్రా. బెదిరించడానికే అన్నారు. మంట ఆరకూడదన్నారు... కట్టెలు పెడుతూ కూర్చున్నా. వాడు నా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. తలుపు గీకుతూనే ఉన్నాడు. అది వినపడకుండా... పాడుకుంటూ కూర్చున్నా. తెల్లారేదాకా పాడాను."

హనోకు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తర్వాత మంచం పట్టుకుని లేచాడు. సలోమి వద్దన్నా వినలేదు.

"పద నాన్నా. ఈ మాట చెప్పాల్సింది నాకు కాదు."

మస్తాన్‌బీ వాకిట్లో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. బర్నబాసు ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని మొత్తం చెప్పాడు. ఆమె చివరిదాకా వింది. లేచింది. కాలి చెప్పు తీసింది.

మొహం మీద కొట్టింది. నెత్తిన కొట్టింది. పెదవి చిట్లి నెత్తురు చొక్కా మీద పడింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. వీధిలో జనం పోగయ్యారు. ఎవరో ఆపమని అరిచారు. హనోకు ఆపలేదు. చెయ్యి ఆడనంతగా అలసిపోయాక ఆమె చెప్పు పారేసి, ఆయన రెక్క పట్టుకుని లేవదీసింది.

"స్టేషనుకి పద. ఇదంతా అక్కడ చెప్పు."

ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు.

స్టేషన్లో ఎస్సై అడిగాడు — "కొట్టింది ఇద్దరన్నావ్. ఎవరెవరు?" ఒకడు ఆసామి, పోయి పదేళ్లయింది. రెండోవాడి పేరు బర్నబాసు చెప్పలేకపోయాడు. తనది ఈ ఊరు కాదు, ఒక్క సీజనుకే వచ్చాడు. చీకట్లో ఆ మొహం సరిగ్గా చూడలేదన్నాడు.

ఆ శనివారం కూలీలు బ్యారనుకి వెళ్లలేదు. సలోమి చర్చి హాలు వాళ్లకిచ్చేసింది. తేలు కుట్టిన పిల్ల ఫ్యాను కింద నిద్రపోయింది. యువజనులు బయట వరండాలో చాపలు వేసుకున్నారు. హనోకు నిద్ర పట్టక గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

తొమ్మిదింటికి ఊళ్లో కరెంటు పోయింది. ఫ్యాన్ల చప్పుడు ఆగింది. కుక్కలు మొరగడం మానేశాయి.

అప్పుడు మలుపు వైపు నుంచి గొంతు వచ్చింది. చెవిలో గుసగుస కాదు... ఊరంతటికీ వినపడేలా, గొంతు చించుకుని. వరండాలో పది మంది విన్నారు. హాల్లో నలభై మంది కూలీలు విన్నారు. మస్తాన్‌బీ తన వాకిట్లో నిలబడి వింది. అది బర్నబాసు పేరు కాదు.

ఇంకో పేరు. ఇంటిపేరుతో సహా.

మూడుసార్లు పిలిచింది. మూడోసారికి ఊరి నడిబొడ్డున ఒక మేడ మీద దీపం వెలిగి, వెంటనే ఆరిపోయింది.

ఆ పేరు ఇక్కడ చెప్పడం బాగుండదు. ఆ పెద్దమనిషి ఇంటివాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. పగలంతా ఆయన వీధుల్లో తిరిగేవాడు, అందరితో మాట్లాడేవాడు. పొద్దువాలే సరికి మాత్రం కారెక్కి, చుట్టూ తిరిగి వేరే దారిన చీరాల వెళ్లి పడుకునేవాడు. మొన్న ఒకరోజు ఆలస్యమైందట. తొందరలో మలుపు దారినే వెళ్లాడట.

పొద్దున చూస్తే కారు మలుపులోనే ఉంది, ఆయన లోపలే. నాలుగు తలుపులూ లోపల్నుంచి లాకయ్యే ఉన్నాయి. అద్దాలు మాత్రం... ముట్టుకుంటే కాలుతున్నాయి.