వెనక దీపం

కోదాడలో ఆ ఉదయం ఇళ్ళూ చెట్లూ మంచులో నానుతున్నట్టు కనిపించాయి. వాకిట్లో పేడనీళ్ళ సాంపి చల్లి వస్తూ శాంతకుమారి అరుగు దగ్గర ఆగింది. తండ్రి లాజరు చిన్న లారీని కడుగుతున్నాడు.

మిషను డాక్టరమ్మ తన దేశం పోతూ, ఏళ్ళ తరబడి తనకు డ్రైవరుగా ఉన్న లాజరుకే ఇచ్చిపోయిన బండి అది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక తొట్టిలో ధాన్యం బస్తాలు వేసుకోవచ్చు. లాజరు దాన్ని ఎద్దును కడిగినట్టు కడుగుతాడు. మూతి తుడుస్తాడు, చక్రాలు రుద్దుతాడు. వెనక్కి మాత్రం వెళ్ళడు. బకెట్లో మిగిలిన నీళ్ళు దూరం నుంచే అటు విసిరేసి, పని అయిందనుకుంటాడు.

అక్కడ, వెనక తలుపుకు అటూ ఇటూ, ఎర్రదీపాలు ఉండాల్సిన చోట తుప్పు పట్టిన రెండు గుంతలున్నాయి.

"వచ్చే వారం పెండ్లి పెట్టుకొని లారీని తోముకుంట కూసుంటే ఎట్ల?" అంటూ తల్లి జానమ్మ చాట పట్టుకుని బయటికి వచ్చింది. "మిర్యాలగూడెం పిల్లగాని తరపోళ్ళు బండెడు మంది వస్తున్నరు. మీ అక్కను పిలిచేది ఉందా, లేదా?"

"పిలిస్తే వస్తదా?" అన్నాడు లాజరు, తల ఎత్తకుండా.

"పిల్ల బండెక్కినంక వెనక దీపం పట్టుకొని ఎవరు నడుస్తరు మరి? నేనా?"

వాళ్ళ వంశంలో అదొక పద్ధతి. చర్చిలో పెళ్ళయినా, పందిట్లో పెళ్ళయినా, పెళ్ళికూతురు అత్తారింటికి కదిలినప్పుడు మేనత్త దీపం పట్టుకుని బండి వెనకే పొలిమేర దాకా నడుస్తుంది. వెనక్కి తిరిగి చూసిన పిల్లకు పుట్టిల్లు చీకటిగా కనపడకూడదట.

"ఎవరో ఒకరు పట్టుకుంటరు. లాంతరు కిరాయికి తెస్త" అన్నాడు లాజరు.

"లాంతరు సరే. మేనత్తను గూడ కిరాయికి తెస్తవా?"

శాంతకుమారి చీపురు గోడకు ఆనించింది. ఇంట్లో ఆమె గొంతు తక్కువగా వినపడుతుంది. అందుకే ఇద్దరూ అటు తిరిగారు.

"నాయినా, వెనక దీపం లేని బండిల నేను అత్తగారింటికి పోను."

లాజరు చేతిలో గుడ్డ ఆగిపోయింది. "దీపాలు పెడితే మీ అత్త వస్తదా?"

"రాదేమో. పిలిచే మొఖమన్న మనకు ఉంటది గదా."

"ఆ పొద్దు నేను దీపాలు పగలగొట్టకపోతే మనం బతికేటోళ్ళమా? లారీ నిండ పిల్లలు. వెనక ఎవరివో టార్చిలైట్లు!"

"పగలగొట్టినందుకు కాదు వదినె మాట్లాడంది" అంది జానమ్మ మెల్లగా. "దిగినోడివి వెనక్కొచ్చి ఒక్క మాట చెప్పనందుకు."

లాజరు గుడ్డను బకెట్లో పడేసి లోపలికి వెళ్ళిపోయాడు.

శాంతకుమారి కళ్ళ ముందు ఆ సాయంత్రం మళ్ళీ కదిలింది. పోయినేడు, రజాకార్ల గొడవల్లో, గరిడేపల్లి విడిచి సరిహద్దు దాటుదామని బయల్దేరారు. ముసురు. లారీలో ఊరి పిల్లలు. ఎద్దులను వదిలి రానన్న ఐలమ్మత్త బండి వెనకాల. "నా ఎర్రదీపం చూసుకుంట రా అక్కా" అని తండ్రి చెప్పాడు. తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చున్న శాంతకుమారికి దారంతా అత్త ఎద్దుల కళ్ళు కనిపించాయి. దీపం వెలుగు పడి నాలుగు ఎర్రటి చుక్కలు చీకట్లో తేలుతూ వస్తున్నాయి. అంతలో దూరంగా టార్చిలైట్లు మెరిశాయి. తండ్రి లారీ ఆపి, దిగి, ఇనుప రాడ్డుతో రెండు దీపాలనూ పగలగొట్టి మళ్ళీ నడిపాడు. ఆ నాలుగు చుక్కలూ ఒక్కసారిగా ఆరిపోయాయి. "అత్తా!" అని అరుద్దామనుకుంది. అరవలేదు.

కోదాడ దగ్గర దారి చీలే చోట, ముందు దీపం కనపడక, అత్త బండి మునగాల వైపు మళ్ళింది. వాగులో ఒక ఎద్దు కొట్టుకుపోయింది. గొడవలు సద్దుమణిగాయి, లాజరు కోదాడలో ఇల్లు చూసుకున్నాడు, ఐలమ్మ మునగాలలోనే ఉండిపోయింది. తమ్ముడి గడప తొక్కలేదు.

లోపల నుంచి లాజరు చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"ఎక్కు బిడ్డా. సూర్యాపేట పోయొద్దాం."

మునగాల దాటేటప్పుడు అతను లారీని కాస్త వేగంగా నడిపాడు. శాంతకుమారి అత్త కొట్టం కనుమరుగయ్యేదాకా చూసింది.

సూర్యాపేటలో పాత సామాన్ల కొట్టు వెంకటేశం నవ్వాడు. "ఏందన్నా లాజరన్నా, దొరసాని మోటరుకు తోక లేదని ఇప్పుడు యాదికొచ్చిందా?"

"తోక సంగతి నీకెందుకు? సామాను సూపియ్యి."

మూలపడ్డ బస్సు నుంచి విప్పిన ఒక జత దొరికింది. ఎర్రటి గాజు, మందంగా, రేగుపండు రంగులో. వెంకటేశం బిగిస్తానంటే లాజరు ఒప్పుకోలేదు. తనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎలుకలు కొరికిన తీగ తీసేసి కొత్తది చుట్టాడు. ముందుకెళ్ళి స్విచ్చి వేసి, అక్కడి నుంచే అడిగాడు.

"వెలిగిందా బిడ్డా?"

"ఒకటే."

మళ్ళీ వచ్చి తుప్పును కత్తితో గీకాడు. "ఇనుము ఇనుముకు తగలాలె. నడుమ తుప్పుంటే ఎంత కరెంటిచ్చినా వెలగదు" అని గొణిగాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

రెండోసారి స్విచ్చి వేసినప్పుడు శాంతకుమారి తన అరచేతులు ఎర్రబడటం చూసింది. "వెలిగినయి నాయినా" అంది. అతను వెనక్కి వచ్చి చూడలేదు.

తిరుగుదారిలో మునగాల రాగానే లారీ దానంతటదే అన్నట్టు ఆగింది. ఐలమ్మ కొట్టం ముందు ఎద్దులకు కుడితి పెడుతోంది. పాత ఎద్దు పక్కన కొత్తదొకటి నిలబడి ఉంది.

"ఏం తమ్మీ, దారి తప్పినవా?"

లాజరు తల దించుకున్నాడు. "పిల్ల పెండ్లి, అక్కా. నువ్వు రావాలె."

"దీపం చూసుకుంట రమ్మన్నోనివే దీపం ఖతం చేసి పోయినవ్. నీ లారీ నేనెక్క."

"ఎక్కకు. బండి కట్టు. నేను ముందు నడుస్త, నువ్వు దీపం చూసుకుంట రా."

"మళ్ళా ఆరితే?"

శాంతకుమారి అత్త దగ్గరికి వెళ్ళి కుడితి బకెట్ అందుకుంది.

"నేను తొట్టిల వెనక్కి తిరిగి కూసుంట అత్తా. ఆరితే అరుస్త. ఆ పొద్దు నేను గూడ అరవలేదు."

ఐలమ్మ మేనకోడలి ముఖంలోకి చూసింది. "పెండ్లికూతురివి, కుడితి మీద పోసుకునేవు. ఇటియ్యి" అని బకెట్ లాక్కుని, కాడి కోసం కొట్టంలోకి నడిచింది.

పొద్దు వాలుతుండగా బయల్దేరారు. లారీ ఎద్దుల నడకతో నడిచింది. పొలాల మీద పల్చటి మంచు దిగుతోంది. బండి ఎక్కడో నీళ్ళ మీద తేలి వస్తున్నట్టుంది. మసక పడేకొద్దీ నాలుగు ఎర్రటి చుక్కలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. శాంతకుమారి రెప్ప వేయడానికి కూడా భయపడింది.

కోదాడ ఇంకాస్త దూరం ఉందనగా లారీ ఒక గుంతలో పడి లేచింది. చుక్కలు ఆరిపోయాయి.

"నాయినా! ఆగు! ఆరింది!"

ఆమె గొంతు ఆ పొలాలన్నింటి మీదుగా పోయింది. లారీ ఆగింది. లాజరు దిగాడు. దీపాల వైపు చూడలేదు. మసక చీకట్లో తడుముకుంటూ తిన్నగా బండి దగ్గరికి నడిచి పాత ఎద్దు మెడ మీద చెయ్యి వేశాడు.

"అక్కా... దీపం ఆరింది. చెప్దామని వచ్చిన."

ఇంకేదో అనబోయాడు. భుజాలు మాత్రం కదిలాయి.

ఐలమ్మ బండి దిగింది. కొంగుతో తన కళ్ళు తుడుచుకుని, అదే కొంగుతో తమ్ముడి ముఖం తుడిచింది. "ఇంత మాటకు ఏడాది పట్టెరా నీకు?"

అతను తీగ సరిచేయబోతే వద్దంది. "రేపు సూసుకో. నా లాంతరుంది గదా."

బండి కింద వేలాడుతున్న లాంతరు విప్పి వెలిగించింది. ఎద్దుల పగ్గం లారీ వెనక తలుపుకు కట్టింది.

"నువ్వు మెల్లగ నడుపు. నేను నడిచొస్త."

"పెండ్లి ఇంక వారం ఉంది గదత్తా" అంది శాంతకుమారి, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో.

"ఉండనీ. ఆ పొద్దు గూడ నడుస్త. ముందు నీ కండ్లు తుడుసుకో, దారి సూడు."

లారీ కదిలింది. మేనత్త లాంతరు పట్టుకుని, ఎద్దుల ముందు, లారీ వెనకే నడిచింది. ఎద్దుల కళ్ళు మళ్ళీ వెలిగాయి, ఈసారి పసుపు రంగులో.