శౌరి మరిచిన మాట

ఆ ఏడు నరసరావుపేటలో పడిన చలి అంతా ఇంతా కాదు. పాలు పితికితే ధార సగంలో ఆగి, కిందికి పోదామా వద్దా అని ఆలోచించుకునేది. కోళ్ళు కూయడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని పడుకునేవి. అంత చలిలో, ఎవరూ పిలవకుండా, పొద్దు పొడిచే వేళకి సైకిలు మీద కెమెరా పెట్టె కట్టుకుని పొలాల మీదికి పోయేవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. ఫొటోల శౌరి.

శౌరి పదహారేళ్ళు మద్రాసులో ఒక స్టూడియోలో పనిచేశాడు. జపాను వాళ్ళు బాంబులేస్తారని పట్నానికి పట్నం ఖాళీ అయినప్పుడు, అందరూ బిందెలూ పరుపులూ మోసుకొస్తే, అతను మూడుకాళ్ళ కెమెరానీ భార్య ఫిలోమినానీ తెచ్చుకున్నాడు. పేటలో అతను తియ్యని మొహం లేదు. పెళ్ళికొడుకుల్ని తీశాడు, ప్లీడర్లని తీశాడు, చచ్చిపోయినవాళ్ళని కుర్చీలో కూచోబెట్టి కూడా తీశాడు. తీసీ తీసీ అలిసిపోయాడు. యాభై ఏళ్ళకే కళ్ళ కింద సంచులు వేలాడేవి. ఒక్కోదాంట్లో శేరు బియ్యం పడతాయి. మనుషుల మొహం చూస్తేనే ఆవలింత వచ్చేది.

విసుగు పుట్టనిది ఒక్క పొగమంచే. మద్రాసులో ఉన్నప్పుడూ అంతే. చలికాలం ఆదివారాలు పొద్దున్నే సముద్రం ఒడ్డుకో, వంతెనల దగ్గరికో పోయి, ఊరికే, తనకోసం తీసుకునేవాడు. అయితే ఉత్త మంచుని తీస్తే సున్నం కొట్టిన గోడలా వస్తుంది. మధ్యలో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎప్పుడూ ఫిలోమినాయే.

ఫిలోమినా అంత కదలకుండా నిలబడే మనిషి గుంటూరు జిల్లాలో పుట్టలేదు. మంచులో వెలుతురు చాలదు కాబట్టి, కెమెరాలో గాజు ప్లేటు పెట్టి, మూత తీసి పన్నెండు లెక్కపెట్టాలి. అంతసేపూ ఊపిరి బిగబట్టాలి. శౌరి మూత పెట్టి "చాలు" అంటేనే కదలాలి. అదీ ఇద్దరి మధ్యా కట్టుబాటు. ఒకసారి ఆంబోతు మీదికొస్తే ఆమె రెప్ప వెయ్యలేదు. ఆంబోతే సిగ్గుపడి పక్కనుంచి పోయింది. ఇంకోసారి చుట్ట వెతుక్కుంటూ శౌరి "చాలు" అనడం మరిచిపోతే, ఎండ నడినెత్తికొచ్చేదాకా అట్లాగే నిలబడింది.

"నువ్వు చెప్పందే నేనెట్టా కదిలేది?" అని ఆ పూట అతనికి అన్నం పెట్టలేదు.

ఆ డిసెంబరులో ఆమెకి దగ్గు పట్టుకుంది. ముందు రెండు పొట్టివి, తర్వాత ఒకటి పొడుగుది. ఆ పొడుగు దగ్గుకి ఇంటి పెంకులు లేచి మళ్ళీ సర్దుకునేవి. ఆస్పత్రి నర్సు మణెమ్మ శౌరిని పక్కకి పిలిచి, "ఇంకోసారి మంచులో తిప్పావా, నీ భార్య క్రిస్మస్ చూడదు," అంది.

అయినా ఒక పొద్దున సైకిలుకి పెట్టె కట్టాడు.

"ఏమయ్యా, ఇంకా ఎన్ని ప్లేట్లున్నయ్యి?" అడిగింది ఫిలోమినా గడపలో నిలబడి.

"ఒక్కటే. యుద్ధం అయిందాకా ఇంక దొరకవు."

"అయితే పద. అదీ అయిపోతే నా పీడ వదులుద్ది."

"నీకు ఒంట్లో బాగాలేదే."

"తెలిసినోడివి పెట్టె ఎందుకు కట్టావు?"

శౌరి పెట్టె తాడు ఇంకాస్త బిగించాడు. ఇదే ఆఖరు, రేపట్నుంచి ఆమెని గడప దాటనివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు.

వినుకొండ రోడ్డు మీద మూడు మైళ్ళు పోయాక, కోసేసిన జొన్నచేను ఒకటుంది. ఆ రోజు మంచు అక్కడ అన్నం ముద్దలా ఉంది, చేత్తో తీసి పక్కన పెట్టొచ్చు. పిట్ట కూత లేదు. తడిసిన చొప్ప వాసన. దాని అడుగున ఇంకో వాసన... ఏళ్ళ తరబడి తలుపు తియ్యని గది వాసన.

ఫిలోమినా బూడిదరంగు దుప్పటి కప్పుకుని చేను మధ్యకి పోయి నిలబడింది. శౌరి నల్లగుడ్డ కింద తల దూర్చాడు. ఆ కెమెరా వెనక గరుకు అద్దం మీద లోకమంతా తలకిందులుగా పడుతుంది. నేల పైన, ఆకాశం కింద, మనిషి కాళ్ళు పైకి. అట్లాగే ఉంది ఫిలోమినా కూడా, గబ్బిలంలా.

ఆమె పక్కన ఇంకొకరున్నారు.

అదే దుప్పటి. అదే ఎత్తు. కానీ నిటారుగా ఉంది.

శౌరి తల బయటపెట్టాడు. చేలో ఫిలోమినా ఒక్కతే. మళ్ళీ గుడ్డ కింద చూశాడు... ఇద్దరు. అలసట, కళ్ళు మసకలు, అనుకున్నాడు. ఉన్నది ఒక్క ప్లేటు. వదిలేస్తే ఆమెని ఇంత దూరం తెచ్చిందంతా వృథా. ప్లేటు పెట్టాడు. మూత తీశాడు. ఒకటి... రెండు... పన్నెండు. మూత పెట్టేసి, కెమెరా ముడిచి, సైకిలు తిప్పి, "పదవే, పద!" అన్నాడు వెనక్కి చూడకుండా.

వెనక జొన్న మోళ్ళ మీద అడుగుల చప్పుడు వచ్చింది. సైకిలు వెనక బరువు పడింది. ఇంటికొచ్చారు.

ఆ రోజునుంచి దగ్గు లేదు! పొట్టిదీ లేదు, పొడుగుదీ లేదు. ఫిలోమినా ఇల్లు అలికింది, పిండి కొట్టింది, దుప్పటి అడగలేదు. శౌరిని ఒక్క తిట్టు తిట్టలేదు.

"ఏం మందు పోయించావురా? నా కోడలికీ ఆ సీసా ఇవ్వు," అంది పక్కింటి గ్రేసమ్మ.

శౌరికి బతికినట్టయింది. మూడు పొద్దులు ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు.

నాలుగో పొద్దున కెమెరా దుమ్ము దులుపుదామని పెరట్లో నిలబెట్టాడు. ఫిలోమినా పిలవకుండానే వచ్చి ఎదురుగా నిలుచుంది. చేతులు కట్టుకుని, కదలకుండా. సరే, ప్లేటు లేకపోతేనేం, చూద్దామని గుడ్డ కింద తల దూర్చాడు.

గోడ తలకిందులు. కాగు తలకిందులు. తీగ మీద ఆరేసిన చీర తలకిందులు.

ఫిలోమినా నిటారుగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు చేలో "పద" అన్నాడు. "చాలు" అనలేదు. ఆంబోతు వచ్చినా కదలని మనిషి, ఆ మాట లేకుండా తన వెనక ఎట్లా వచ్చింది?

ఇంటికొచ్చింది ఎవరు... చేలో ఉండిపోయింది ఎవరు...

గుడ్డ కిందనుంచి బయటికొచ్చి, ఆమె వైపు చూడకుండా సైకిలెక్కాడు. ఆమె అట్లాగే నిలబడి ఉంది. "ఎక్కడికి" అని కూడా అడగలేదు.

మూడు మైళ్ళూ ఏడుస్తూ తొక్కాడు. నాలుగు రోజులు. ఆ చలిలో, ఆ దగ్గుతో, ఊపిరి బిగబట్టుకుని... చేను మీద మంచు కదలలేదు. అదే వాసన. రెండు బారల అవతల ఏమీ కనపడదు.

"ఫిలోమినా..."

జవాబు లేదు. ఉండదు కూడా. ఆ మాట అనందే నోరు తెరవదు.

శౌరి సైకిలు పడేసి అరిచాడు.

"చాలే... ఇంక చాలు!"

మంచులో ఎవరో ఊపిరి వదిలారు. పొడుగ్గా, నాలుగు రోజుల ఊపిరి.

ఆ పక్కనే ఇంకొకరు వదిలారు. ఆ వెనక ఇంకొకరు... ఎడమన... కుడిన... చేను ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా.

తర్వాత దగ్గు వినపడింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. శౌరి ప్రాణం లేచొచ్చింది. ఆ వైపు పరుగెత్తాడు.

నాలుగడుగులు వేశాడో లేదో, వెనకనుంచి వినపడింది. రెండు పొట్టివి... ఒకటి పొడుగుది.

ఎడమనుంచి.

కుడినుంచి.

మోళ్ళు చిటపటమన్నాయి. అన్ని వైపులనుంచీ అడుగులు అతని దగ్గరికే వస్తున్నాయి, నెమ్మదిగా, చానాసేపు నిలబడి కాళ్ళు తిమ్మిరెక్కినవాళ్ళు నడిచినట్టు.