జాక్లిన్ కాచిన కషాయం

తెల్లారేసరికి పారమట్టాలో ఆ అపార్ట్‌మెంటు కారిడారంతా కషాయం వాసన. పక్కింటివాళ్లు ముక్కు మూసుకుంటే మూసుకోనీ! జాక్లిన్‌కి మాత్రం ఆ పొద్దున కాలు నేలమీద నిలవడం లేదు. స్టవ్ మీద ఎండు రేగుపళ్లూ, తనకి పాఠాలు చెప్పే లిన్ మేడమ్ రాసిచ్చిన వేళ్లూ కుతకుతా ఉడుకుతున్నాయి. అమ్మ రూత్ రక్తపరీక్ష ఫలితం ఇవాళే వస్తుంది.

జాక్లిన్ యూనివర్సిటీలో చైనా వైద్యం చదువుతోంది. ఇంట్లో రోజూ దాని మీదే యుద్ధం. నరసాపురం నుంచి సముద్రాలు దాటి ఇంతదూరం వచ్చింది వేళ్లూ ఆకులూ కాచుకోడానికా, మీ అత్తల్లాగ నర్సింగ్‌లో చేరవే అని నాన్న ఐజాక్ పోరు. రూత్‌కి రక్తం తక్కువని తేలింది. డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలు కడుపులో తిప్పుతున్నాయని ఆవిడ మానేసింది. జాక్లిన్ తల్లిని యూనివర్సిటీ క్లినిక్‌కి తీసుకెళ్లి లిన్ మేడమ్‌కి చూపించింది. అప్పుడే ఐజాక్ పందెం కట్టాడు. కషాయంతో రక్తం పెరిగితే తను మళ్లీ నోరెత్తడు. పెరక్కపోతే వచ్చే సెమిస్టర్ నుంచి నర్సింగే!

"మమ్మీ, మొహంలో ఎంత కళొచ్చిందో చూడు! డాడీ, ఇవాళ మీ పని అయిపోయింది!"

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు రిపోర్ట్ రానీవే" అన్నాడు ఐజాక్ లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా. రూత్ నవ్వి, గోడ పట్టుకుని నిలబడింది.

అంతలో ఫోన్ మోగింది. జాక్లిన్ ఎగిరి గంతేసి స్పీకర్ నొక్కింది. డాక్టర్ దగ్గర్నుంచి నర్సు. రక్తం పెరగలేదు సరికదా, ఇంకా పడిపోయిందట. ఇవాళే రమ్మన్నారు.

ఐజాక్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "విన్నావా? గడ్డీగాదం పోసి మీ అమ్మ ప్రాణం మీదకి తెచ్చావు!"

"డాడీ, నేనొక్కదాన్నే చేశానా? మేడమ్ చూసి ఇచ్చిందే కదా!"

"మేడమ్ లేదు, గీడమ్ లేదు. ఆ చదువు ఇవాళ్టితో సరి!"

"ఏవండీ, పిల్లనేం అనకండి..." అంటూనే రూత్ కుర్చీలో కూలబడింది.

జాక్లిన్ పరుగున వెళ్లి తల్లి చెయ్యి పట్టుకుంది. నాడి సన్నగా ఆడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది ఆ పిల్లకి. క్లినిక్‌లో లిన్ మేడమ్ ఇంగ్లీషులో ఎన్ని ప్రశ్నలడిగిందో! ఏం తింటారు, ఎలా నిద్రపోతారు, నెలసరి ఎలా ఉంటుంది? అమ్మ నోరు తెరిచేలోపే అన్నిటికీ తనే గడగడా జవాబులు చెప్పేసింది. మా అమ్మ సంగతి నాకు తెలీదా అనుకుంది.

"మమ్మీ, నిజం చెప్పు. పొద్దున్నుంచి ఏం తిన్నావు?"

"టీ తాగానే."

"నిన్న?"

"మధ్యాహ్నం కాస్త మజ్జిగన్నం. తర్వాత టీ." రూత్ గొంతు తగ్గించింది. "ఇవాళ శుక్రవారం కదమ్మా, ఉపవాసం. మంగళవారమూ అంతే. మీ డాడీ మనసు మారాలని, నిన్ను నీ చదువు చదువుకోనివ్వాలని ప్రార్థన పెట్టుకున్నాను."

జాక్లిన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. "నా కోసం నువ్వు మాడుతుంటే, ఉత్త కడుపున ఈ కషాయం పోశానా మమ్మీ!" చటుక్కున వెళ్లి స్టవ్ ఆర్పేసింది. "ఇంక చాలు. డాక్టర్ దగ్గరికి పోదాం పద. ఉపవాసాల వల్లేనని నేను చెప్పలేను, అసలెందుకు తగ్గుతోందో ఆయన్ని వెతకమందాం. ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తామంటే ఎక్కించుకో. కషాయం సంగతి ఆయన్నీ మేడమ్‌నీ అడిగాకే."

"మరి పందెం పోయినట్టేగదే!" అంది రూత్.

"పోతే పోయింది! డాడీ, నర్సింగ్‌లోనే చేరతాను, సరేనా? ముందు అమ్మకి ఇడ్లీ పెట్టండి."

ఐజాక్ ఇడ్లీ ప్లేట్ తెచ్చాడు. రూత్ ఇడ్లీ తుంచి ముందు అతని నోటి దగ్గర పెట్టింది. అతను తల తిప్పుకున్నాడు.

"అదేంటండీ, మీరూ తినలేదా?"

"నాదీ ఉపవాసమే." ఐజాక్ నేల చూపులు చూశాడు. "దీని మనసు మారి నర్సింగ్‌లో చేరాలని..."

జాక్లిన్ కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వేసింది. "ఒకే ఇంట్లోంచి, ఒకే రోజు, రెండు అర్జీలా! పాపం, దేవుడు ఎవరి మాట వింటాడు?"

"మీ అమ్మ మాటే విన్నాడే." ఐజాక్ కూతురి తల నిమిరాడు. "చదువు పోయినా పర్లేదు, అమ్మ బాగుండాలన్నావు చూడు. ఇంక నీ చదువు జోలికి నేను రాను తల్లీ." రూత్ చేతిలోని ఇడ్లీ తనే నోట్లో పెట్టుకుని, ఆవిడకీ తినిపించి, కారు తాళాలు అందుకున్నాడు.

డాక్టర్ ఎదుట ముగ్గురూ కూర్చున్నారు. ఆయన మొదటి ప్రశ్న అడగ్గానే జాక్లిన్ అలవాటుగా నోరు తెరిచింది. వెంటనే మూసేసుకుంది.

"నువ్వే చెప్పు మమ్మీ. ఇంగ్లీష్ రాకపోతే తెలుగులో చెప్పు, ఉన్నదున్నట్టు నేను ఆయనకి చెప్తాను."

రూత్ భర్త వైపు ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. ఏడాదిగా నెలనెలా ఎంత రక్తం పోతోందో, ఎలా కళ్లు తిరుగుతున్నాయో, పిల్లా ఆయనా కంగారు పడతారని ఎలా దాచిందో అంతా చెప్పింది. ఐజాక్ ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.