మాడిన పోపు

హర్షవర్ధన్ అనేవాడు టీవీలో పద్మప్రియ కళ్లు తుడిచిన సాయంత్రం, కర్నూలు పాతబస్టాండు దగ్గర తన మోటారు వైండింగ్ షాపులో భూపేష్ ఒక మంచి మోటారును కాల్చేశాడు.

చూపు టీవీ మీద, చెయ్యి తీగల మీద. ఒకదానికి కలపాల్సిన తీగ ఇంకోదానికి కలిపి స్విచ్చి వేశాడు. భగ్గుమని పొగ లేచింది. బెంచీ మీద కూర్చున్న రైతు సుబ్బయ్య ఉలిక్కిపడి లేచాడు.

"ఏమప్పా, బోరు మోటారు ఇస్తే కుంపటి చేసిస్తాండావు?"

"కొత్తగా చుట్టిస్తాలే మామా. కూర్చో."

"నువ్వు ముందు ఆ టీవీ ఆపు."

భూపేష్ ఆపలేదు. ఆపితే తర్వాత ఏం జరిగిందో తెలియదు. చూస్తే ఒళ్లు మండుతుంది. రెండింట్లో మండడమే నయమనిపించింది.

‘వంటల కోట’ అనే పోటీ శని, ఆదివారాల్లో వస్తుంది. అందులో వండుతారు, జడ్జీలు రుచి చూస్తారు, ఒకరిని ఇంటికి పంపిస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం ఆరింటికి ‘పొయ్యి వెనక’ వస్తుంది. అందులో వంట ఉండదు. ఎవరు ఎవరిమీద అలిగారు, ఎవరు మూలన కూర్చుని ఏడ్చారు, ఎవరి చూపు ఎవరిమీద ఉంది, అదంతా చూపిస్తారు. జనానికి ముందుదానికంటే వెనకదే ఇష్టం.

పద్మప్రియ, వాళ్లమ్మ రాజ్యలక్ష్మమ్మ కలిసి భూపేష్ షాపుకు నాలుగిళ్ల అవతల టిఫిన్ హోటల్ నడుపుతారు. పద్మప్రియ చేసే బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీల కోసం పొద్దున ఏడింటికే జనం నిలబడతారు. మూడేళ్లుగా ఆ జనంలో మొదటివాడు భూపేష్. బజారంతా రాజ్యలక్ష్మమ్మను పెద్దమ్మా అని పిలుస్తుంది. అలా పిలిస్తే కూతురు చెల్లెలవుతుందని లెక్కేసి, అతను మాత్రం మొదటి రోజు నుంచీ అత్తా అన్నాడు. అంత ముందుచూపున్నవాడికి ఆ కూతురితో మనసులో మాట చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ పోటీ కోసం హైదరాబాదుకు బస్సెక్కే రోజు ఆమే అడిగింది.

"ఏమన్నా చెప్పాల్నా నాకు?"

"ఆడ ఏసీలుంటాయంట. స్వెటరు పెట్టుకున్నావా?"

ఆమె అతణ్ణి పై నుంచి కింది దాకా చూసి బస్సెక్కేసింది.

ఇప్పుడా స్వెటరు అందించేవాడు ఇంకొకడు వచ్చాడు. హర్షవర్ధన్‌ది రాజంపేట. ఆరడుగుల మనిషి. నవ్వితే బుగ్గ మీద సొట్ట. మొదటి వారం ఆమెకు గరిటె అందించాడు. రెండోవారం ఆమె చెప్పిన మాటకు పడీ పడీ నవ్వాడు. మూడోవారం కళ్లు తుడిచాడు. వెనక నుంచి వయొలిన్.

ఇంట్లో అవ్వ ఓబులమ్మ ఉన్న మంట మీద ఇంకో పుల్ల వేసేది.

"పిల్లోడు బాగుండాడు రా. ఎర్రగ, ఎత్తుగ."

"ఏం బాగు అవ్వా?" భూపేష్ టీవీలో ఉల్లిపాయలు కోస్తున్నవాణ్ణి చూపించాడు. "ఆ ఎర్రగడ్డలు చూడు. ఎంత లావుగా కోస్తాండాడో."

"ఎర్రగడ్డ లావైతేనేం లే. మనసు మంచిదైతే చాలు."

"వాని మనసు నీకెట్ల తెలుసు?"

"టీవీలో చూపిస్తాండారు గదరా!"

పోటీలో ఉన్నవాళ్ల ఫోన్లు తీసేసుకున్నారు. వారానికి ఒకసారి, రెండు నిమిషాలు తల్లితో మాట్లాడనిస్తారు. ఆ రోజు భూపేష్ రెండుసార్లు టీ తాగడానికి వెళ్లేవాడు.

"ఏమంటాది అత్తా?"

"ఏముండాది నాయనా. బాగుండావా అంటే బాగుండా అంటాది. పక్కన ఎవురో నిలబడుకోనుంటారంట." రాజ్యలక్ష్మమ్మ గ్లాసు అతని ముందు పెట్టి, ముఖంలోకి చూసింది. "నిన్ను గూడ అడిగింది."

"ఏమని?"

"ఇంగా అట్లనే ఉండాడా అని."

ఆ మాటకు అర్థమేమిటో భూపేష్ మూడు రోజులు ఆలోచించాడు. నాలుగో రోజు ‘పొయ్యి వెనక’లో హర్షవర్ధన్ ఆమె పక్కన కూర్చుని ఒకే పళ్లెంలో తింటూ కనిపించాడు. దాంతో అర్థం వెతకడం మానేశాడు.

ఆ వారమే కర్నూలుకు టీవీ వ్యాను వచ్చింది. ‘పొయ్యి వెనక’ యాంకర్ స్వర్ణలత స్వయంగా దిగింది. పద్మప్రియ పుట్టి పెరిగిన ఊరు చూపిస్తారట. హోటల్ చూశారు, బజ్జీలు తిన్నారు, ఎవరో చెప్పగా భూపేష్ షాపుకొచ్చారు.

"మీరు ఆమె ఫ్రెండ్ కదా? ఒక చిన్న షాట్ భూపేష్ గారూ. మీ బండి మీద కొండారెడ్డి బురుజు దాకా వెళ్దాం. ఊరు కవర్ అవుతుంది."

టీవీ మనిషి అడిగితే కాదనలేకపోయాడు. స్వర్ణలత వెనక కూర్చుంది, వ్యాను ముందు నడిచింది. మలుపు దగ్గర పెద్ద గుంత. బండి ఎగిరింది. స్వర్ణలత కెవ్వున అరిచి అతని భుజం పట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వారు. అంతే.

బురుజు దగ్గర మైకు పెట్టింది.

"పద్మప్రియ, హర్షల జోడీ చూస్తే మీకేమనిపిస్తోంది?"

భూపేష్ గొంతులో మూడు వారాల మంట కదిలింది. అది బయటపడితే ఊరంతా నవ్వుతుంది. తల ఎగరేశాడు.

"నాకేం? ఎవరితో ఉంటే నాకేం?"

"సూపర్!" అంది స్వర్ణలత. ఎందుకు సూపరో అప్పుడు అర్థం కాలేదు.

గురువారం సాయంత్రం అర్థమైంది. టీవీలో బండి నీళ్లలో చేపలాగా మెల్లగా కదులుతోంది. స్వర్ణలత జుట్టు గాలికి ఎగురుతోంది. ఆమె చెయ్యి అతని భుజం మీద ఉంది. ఇద్దరూ నవ్వుతున్నారు, ఆ నవ్వు ఎంతకూ అయిపోవడం లేదు. వెనక వేణువు. ఆ తర్వాత అతని ముఖం దగ్గరగా వచ్చింది. "నాకేం? ఎవరితో ఉంటే నాకేం?"

అవ్వ చేతిలోని చేట గాల్లో తిరిగి భూపేష్ వీపున పడింది.

"ఎవుర్రా అది?"

"టీవీ ఆమె అవ్వా! గుంత వచ్చినాది, బండి ఎగిరినాది, పడతానని పట్టుకున్నాది!"

"గుంత యాడుండాది? నాకు కనపడలే!"

"చూపించలే!"

"ఎందుకు చూపించరు? గుంత ఉంటే చూపిస్తారు గద!"

భూపేష్ వీపు రుద్దుకుంటూ తెర వైపు తిరిగాడు. తన నవ్వు తనదే. తన భుజం తనదే. ఒక్క గుంత తీసేసేసరికి ప్రేమ అయిపోయింది. మరి హర్షవర్ధన్ కళ్లు తుడిచినచోట ఏ గుంత తీసేశారో?

మూడు వారాల తర్వాత మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది. కానీ అది అరనిమిషమే. తెర మీద పద్మప్రియ కనిపించింది. ఆమె ముందు ఒక చిన్న స్క్రీన్ పెట్టారు. ఆ బండి, ఆ నవ్వు, ఆ "నాకేం", అన్నీ ఆమెకు చూపిస్తున్నారు.

చూసినంతసేపూ పద్మప్రియ రెప్ప వేయలేదు. చివర్లో నవ్వింది.

"మంచిదే" అంది.

ఆ నవ్వు భూపేష్‌కు తెలుసు. దోసె బాలేదని వెనక్కి పంపినవాళ్లకు ఆమె ఇచ్చే నవ్వు అది. లోపల ఏముందో మాత్రం శనివారం దాకా తెలియలేదు.

శనివారం పోటీలో ఆమె నూనెలో ఆవాలు వేసింది. చిటపటమన్నాయి. ఎండుమిర్చి వేసింది. అక్కడే నిలబడిపోయింది. చూపు బాణలిలో లేదు. మిరపకాయలు ఎర్రగా, గోధుమరంగుగా, చివరికి నల్లగా మారాయి. పక్కనున్నవాళ్లు అరిచేదాకా ఆమెకు తెలియలేదు.

జడ్జీలు ముఖాలు చిట్లించారు. పద్మప్రియను ఇంటికి పంపేశారు.

టీవీలో కన్నీళ్లు ఏవి నిజమో భూపేష్ ఇక చెప్పలేడు. కానీ మూడేళ్లలో ఏ పొద్దూ ఆమె చేతిలో పోపు మాడటం అతను చూడలేదు. ఇది ఎవరూ చెప్పి చేయించింది కాదు. ఆమెకూ అసూయే! అనుకోగానే గుండె ఎగిరి గంతేసింది. ఆ వెంటనే తల వంచుకున్నాడు. తన ఉక్రోషపు మాట ఒకటి ఆ పిల్ల కలను కాల్చింది, దానికి తను సంతోషపడుతున్నాడు.

సోమవారం పొద్దున బస్సు దిగిన పద్మప్రియ అతణ్ణి చూసి పక్కనుంచి వెళ్లిపోయింది.

"బ్యాగు ఇట్లియ్యి పద్మా."

"నాకేం? ఎవురు మోస్తే నాకేం?"

"ఆడ గుంత ఉండాది!"

ఆమె ఆగి కాళ్ల దగ్గర చూసుకుంది. "యాడ?"

"ఈడ గాదు. బురుజుకు పోయే దావలో. బండి ఎగిరినాది. అందుకే ఆయమ్మ పట్టుకున్నాది. గుంతను కోసేసినారు. అవ్వతో చేట దెబ్బ గూడ తిన్యా. కావాలంటే పోయి అడుగు."

ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. దాన్ని గట్టిగా బిగించుకుంది.

"మరి వాడు నీ కళ్లు ఎందుకు తుడిచినాడు?" భూపేష్ అడిగేశాడు.

"రెండు చేతులకూ కారం. కంట్లో పడినాది. తుడవక ఊదుతాడా? ఆయనకు వచ్చే నెల పెండ్లి. వేలికి ఉంగరముంటే వంటలో అడ్డమని తీయించినారు. నాకు ఆయన అన్న మాదిరి. అన్నా అని పిలిస్తే ప్రతిసారీ కట్ అనేటోళ్లు."

"ఒకే పళ్లెంలో తిన్యారే?"

"పన్నెండుమందిమి తిన్యాం! మిగిలిన పదిమంది నీకు కనపడలేదా?"

"కనపడలే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తుంగభద్ర వైపు నుంచి మబ్బు పట్టింది. దుమ్ము లేచింది. కర్నూలు వాన కదా, నాలుగు చుక్కలు రాల్చి, వద్దామా మానేద్దామా అని ఆలోచిస్తోంది.

"నీ ఆట నేనే చెడగొట్టినా" అన్నాడు భూపేష్.

"మాడబెట్టింది నేను. మూడు వారాలు గెలిచినదాన్ని, వేడి నూనె ముందర నిలబడుకోని నీ బండిని తలచుకుంటాండా చూడు, తప్పు నాది. వాళ్లు గుంతను కోసినారు. సరే. ఆ ‘నాకేం’ మాత్రం వాళ్లు పెట్టలే. అది నువ్వన్నదే."

"నేనే అన్యా. ఆ ప్రోగ్రాంలో అందర్నీ కోసి అతికించినారు. నోరారా అబద్ధం చెప్పింది నేనొక్కన్నే."

భూపేష్ ఆమె చేతిలో బ్యాగు పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. ఇద్దరి మధ్యా బ్యాగు.

"నువ్వంటే నాకు శానా ఇష్టం పద్మా. నువ్వు ఇంకోనితో నవ్వితే మోటార్లు కాల్చేస్తాండా. మూడేండ్లుగా చెప్పాలనే వస్తాండా, ఉగ్గాణి తిని పోతాండా."

పద్మప్రియ నవ్వాపుకోలేకపోయింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బ్యాగు వదిలేసింది.

హోటల్ దగ్గర అప్పటికే టీవీ వ్యాను ఉంది. ఓడిపోయి ఇంటికొచ్చినవాళ్ల బాధ చూపించే ఎపిసోడట. కలిసి వస్తున్న ఇద్దర్నీ చూసి స్వర్ణలత ముఖం వెలిగింది, వెంటనే వాడిపోయింది.

"అయ్యో! కలిసిపోయారా? ఎక్కడ? ఏమన్నారు? ఒక్కసారి మళ్లీ చెప్పండి భూపేష్ గారూ, లైటింగ్ కూడా బాగుంది!"

"ఒకసారి చెప్పడానికే మూడేండ్లు పట్టినాది అక్కా. రెండో టేకు నాతో కాదు."

"పోనీ కొంచెం గొడవపడండి, చాలు."

"అది ఇంట్లో పడతాంలే" అంది పద్మప్రియ.

గుమ్మంలోంచి ఇదంతా వింటున్న రాజ్యలక్ష్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కూతురి తల నిమిరింది. కెమెరాకు వీపు పెట్టి భూపేష్ వైపు తిరిగింది.

"రేపు ఓబులమ్మను తోడుకోని రా నాయనా. పెద్దోళ్లం మాట్లాడుకుంటాం."

స్వర్ణలత బతిమాలి, బజ్జీలు కట్టించుకుని వెళ్లిపోయింది. వ్యాను మలుపు తిరిగేదాకా పద్మప్రియ దాన్నే చూసింది. తర్వాత భూపేష్ దగ్గరికొచ్చి, వాళ్లమ్మకు వినపడకుండా అంది.

"వాళ్లకు చెప్పకపోతే మంచిదే. నాకు చెప్పేదానికేం?"

భూపేష్ చుట్టూ చూశాడు. కెమెరా లేదు. వేణువు లేదు. వాన కూడా చివరికి మనసు మార్చుకుని రేకుల మీద దబదబా మొదలైంది. ఆ చప్పుడులో వినపడాలంటే ఆమె చెవి దగ్గరికి వంగక తప్పలేదు.

వంగాడు. రెండోసారీ చెప్పాడు.