పదకొండో మీటరు దగ్గర

1987 భాద్రపదంలో, ఎల్లారెడ్డి అవతల కడుతున్న కొత్త మట్టికట్టకు నడుమన పగులు పట్టింది. పెద్ద సార్లు జీపులో వచ్చి, గొడుగుల కింద నిలబడి చూసి, మట్టి ఎటు జరుగుతున్నదో కొలవమని చెప్పి పోయారు. చెప్పడం వాళ్ల వంతు, బోరు వేయడం మేస్త్రి మొయినుద్దీన్ వంతు. బోరులో గొట్టం దించి, చుట్టూ సిమెంటు పాలు పోసి బిగించాలి. తర్వాత రోజూ గొట్టంలోకి కొలత యంత్రం దించితే, అది ఎంత లోతున ఎటు వంగిందో తెలుస్తుంది. వంగిన వైపే మట్టి జరుగుతున్నట్టు.

రోజూ పొద్దున్నే ఈరవ్వ వచ్చి బోరు మిషను పక్కన కూర్చునేది. కిందటి వానాకాలం ఈ కట్ట మీద మట్టి మోస్తుండగా పెళ్ల విరిగిపడి ఆమె బిడ్డ బాలలక్ష్మి కిందే ఉండిపోయింది. కూలీలంతా చూశారు. కంట్రాక్టరు మాత్రం ఆ పిల్ల ఎవడితోనో లేచిపోయిందన్నాడు. తెల్లారేసరికి పైనుంచి బుల్డోజరు తోలించి, కట్టను ఇంకా ఎత్తు లేపాడు.

"బొక్కలన్న దొరికితె బొంద పెట్టుకుంట కొడుకా. ఎర్ర రిబ్బను కట్టుకున్నది. కానొస్తె చెప్పు," అనేది ఈరవ్వ.

"చెప్త అవ్వా," అనేవాడు మొయినుద్దీన్. మాటకేం, పుణ్యానికి వస్తుంది.

పదకొండో మీటరు దగ్గర మట్టి పైకి తీస్తే బురదలో వెంట్రుకలు వచ్చాయి. గుప్పెడు. వాటికి ఎర్ర రిబ్బను.

ఈరవ్వ అప్పుడు నీళ్లు తాగడానికి పోయింది. కంట్రాక్టరు చూడనే చూశాడు. "పోలీసులొస్తె కట్ట తవ్వుతరు. కట్ట తవ్వితె నీ కొలువు గోవిందా. సిమెంటు పొయ్," అని చెవిలో గుసగుసలాడాడు. మొయినుద్దీన్ కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు కొట్టుకున్నాడు. తర్వాత రిబ్బనును బురదలో తొక్కేశాడు. అతను చెడ్డవాడు కాదు. చెడ్డపనికి చెడ్డవాడే కావాలని ఎక్కడుంది?

"ఏమన్న కానొచ్చిందా?" అంటూ ఈరవ్వ తిరిగొచ్చింది. అతను సిమెంటు బస్తా మూతి విప్పసాగాడు.

"ఏం రాలే అవ్వా."

సిమెంటు పోస్తుంటే ఖాళీ గొట్టం పైకి తేలుతుంది. అందుకే ముందు దాన్ని నీళ్లతో నింపి బరువు చేస్తారు. ఆ రోజు నీళ్ల ట్యాంకరు బురదలో దిగబడింది. మనుషులేమో బస్తాల దగ్గరున్నారు. చేతులు ఖాళీగా ఉన్నది ఒక్క ఈరవ్వే.

"అవ్వా, జర ఈ గొట్టం ఒత్తి పట్టుకో."

ఆమె సంబరంగా లేచి రెండు చేతులా ఒత్తింది. ఐదు బస్తాలకు నిండాల్సిన బోరు ఏడు తాగింది. తొమ్మిది తాగింది. పైన మబ్బు కమ్మింది. పచ్చి సిమెంటు వాసన... దాని అడుగున ఇంకేదో వాసన.

"కొడుకా," అంది ఈరవ్వ మెల్లగా, "కిందికెల్లి ఎవలో నూకుతున్నరు."

"సిమెంటు బలం అవ్వా. గట్టిగ ఒత్తు."

"గట్ల కాదు... నూకుతున్నరు, ఆగుతున్నరు. మల్ల నూకుతున్నరు."

"ఒత్తు!"

ఒత్తింది. పన్నెండో బస్తాకు అంతా ఆగిపోయింది. ఈరవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని, పనికొచ్చానన్న తృప్తితో నవ్వింది. ఆ నవ్వు చూసి మొయినుద్దీన్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

సిమెంటు గట్టిపడ్డాక కొలతలు మొదలయ్యాయి. మొదటి రోజు గొట్టం నిటారుగా ఉంది. రెండో రోజు పదకొండో మీటరు దగ్గర రెండు వేళ్లంత వంగింది. మట్టి పల్లానికి కదా జారాలి! ఇది కట్ట పొడుగు వెంబడి, ఈరవ్వ గుడిసె ఉన్న దిక్కుకు వంగింది. మూడో రోజు అటే, ఇంకా ఎక్కువ. నాలుగో రోజు యంత్రం పదకొండో మీటరు దాటలేదు. గొట్టం తెగింది.

ఇక అతని వల్ల కాలేదు. కొలువు పోతే పోనీ, చెప్పేస్తాననుకుని మిట్టమధ్యాహ్నం గుడిసెకు పరుగెత్తాడు. ఈరవ్వ గడపలో కూర్చుని గంజిలో అన్నం పిసుకుతోంది.

"అవ్వా... నీ బిడ్డ..."

"మెల్లగ మాట్లాడు. పొద్దుగాల్నే వచ్చింది." ఆమె ముఖం వెలిగిపోతోంది. "గంజి సుత దిగుతలేదు కొడుకా. నోరంత సిమెంటు గట్టిపడ్డది. జర నువ్వన్న పగలగొట్టు, మేస్త్రివి గద."

లోపలి చీకట్లోంచి సుత్తె ఒకటి నేలను గీసుకుంటూ జరిగి వచ్చి, అతని పాదాల దగ్గర ఆగింది.