తుడిచేసిన మచ్చ

ఆ ఉదయం ఫోటోగ్రాఫర్ తన కూతురి బడి ఫోటోకి మెరుగులు దిద్దుతున్నాడు. కంటి తెల్లగుడ్డు మీద, సబ్బు నురగ ఎండినట్టు చిన్న మచ్చ కనిపించింది. లైటు పడిందనుకుని తుడిచేశాడు. ఎంతటి మచ్చైనా ఫోటోలోకి రాకూడదన్నది తండ్రి నేర్పిన విద్య.

తెరలు దించిన ఆ స్టూడియో గదిలో పిచిక స్టూలు తన్నుకుని పడింది. ఆరేళ్ళ కూతురికి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరది.

"కళ్ళు నెత్తిన పెట్టుకుని నడుస్తావేమే!" అని నవ్వాడు.

నానమ్మ వచ్చి పిల్లని లేవదీసింది. మోచేతులు తగలగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. చర్మం గరుకుకాగితంలా ఉంది.

"చలికి పొడిబారింది అత్తయ్యా," అంది కోడలు వంటింట్లోంచి.

నానమ్మ పిల్లని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి కంట్లోకి చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

"దీనికి ఎప్పట్నుంచి చప్పిడన్నం పెడుతున్నావు?"

"తట్టు వచ్చి తగ్గినప్పట్నుంచీ. గుడ్డు, ఆకుకూర, నూనె ఏది పెట్టినా విరేచనాలే కదా! దాని మంచికేగా మాన్పించాను?"

"నేనూ మంచికే మాన్పించానమ్మా," అంటూ నానమ్మ గోడవైపు తిరిగింది.

గోడ మీద ఫోటోగ్రాఫర్ అక్క ఫోటో ఉంది. పసితనంలోనే పోయిన ఆ పిల్ల ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"దానికీ ఇదే మచ్చ. చీకటి పడితే తడుముకునేది, మొద్దుమొహమని తిట్టాను. తర్వాత పగలూ కనపడలేదు. ఆ తర్వాత పిల్లే లేకుండా పోయింది."

"అక్క ఫోటోలో కళ్ళు బాగానే ఉన్నాయి కదమ్మా?" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"అవి దాని కళ్ళు కావురా. మీ నాన్న బ్రష్షుతో దిద్దినవి. అసలు కళ్ళెలా ఉండేవో నాకే గుర్తు రావట్లేదు."

అతను తలెత్తి ఫోటో వైపు చూశాడు. ఆ కళ్ళు తననే చూస్తున్నాయని చిన్నప్పుడు దుప్పటి కప్పుకుని ఏడ్చేవాడు. ఇన్నాళ్ళూ తనని చూసింది అక్క కాదన్నమాట.

"నేనూ తుడిచేశానమ్మా," అన్నాడు.

ముగ్గురూ పిల్లనెత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు.

"ఒంట్లో ఎ విటమిన్ లేదు. చర్మమూ, కంటి పైపొరా ఎండి పొట్టు కడుతున్నాయి," అంది డాక్టరమ్మ, మందు పట్టిస్తూ. "ఆలస్యం చేసుంటే నల్లగుడ్డు కరిగిపోయేది. ఇప్పుడైతే చూపు నిలుస్తుంది."

కోడలు బావురుమంది. "నా చేతులతో నేనే..."

"ఊరుకోవే. నిన్ను అనడానికి నాకు మొహమేది?" అంటూ అత్తగారు ఆమెని దగ్గరికి తీసుకుంది.

వారం గడిచింది. ఆ సాయంత్రం చీకటి పడుతుంటే ఫోటోగ్రాఫర్ స్టూడియో గదిలో లైటు వేయబోయాడు. అక్క ఫోటో కింద నానమ్మ చప్పుడు లేకుండా కూర్చుని ఉంది. ఇంతలో పిచిక గదిలోకి వచ్చి, స్టూలు పక్కనుంచి తప్పుకుని, తిన్నగా ఆమె ఒళ్ళోకి వెళ్ళింది.

"ఎందుకేడుస్తున్నావు నానమ్మా?" అంటూ చెంపలు తుడిచింది.

అతని చెయ్యి స్విచ్ మీదే ఉండిపోయింది. ఆ మసకలో అమ్మ కన్నీళ్ళు అతనికి కనిపించనే లేదు.